తలుపులు అయిదు, తాళంచెవి ఒక్కటే
పాఠకుల ప్రశ్నలు: కంప్యూటర్ భద్రత

కిందటి సంచికలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ గురించి రాసిన తర్వాత వరంగల్, హన్మకొండ, కరీంనగర్ ప్రాంతాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ‘అంచెల భద్రత’ అనే ఒక్క మాట చుట్టూ తిరిగినవే కాబట్టి ఈసారి వాటికే చోటు ఇస్తున్నాము. ఉత్తరాలు రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు. తమ సంస్థలో ఏ తలుపుకు గడియ లేదో వివరంగా రాసిన ఉత్తరాన్ని పేరు, ఊరుతో సహా అచ్చు వేస్తే దొంగకు దారి చూపినట్టే అవుతుంది.

ప్రశ్న: మాది హన్మకొండలో 60 పడకల ప్రైవేటు ఆసుపత్రి. రెండేళ్ల కిందట ఖరీదైన ఫైర్‌వాల్ (ఇంటర్నెట్‌కు, లోపలి కంప్యూటర్లకు మధ్య కాపలా కాసే పరికరం) కొన్నాము. అన్ని కంప్యూటర్లలో యాంటీవైరస్ ఉంది. అయినా మొన్న బిల్లింగ్ కౌంటరులోని ఒక కంప్యూటరులో ఫైళ్లన్నీ తెరుచుకోకుండా పోయాయి. అదృష్టం కొద్దీ అది ఆ ఒక్క యంత్రంతో ఆగింది. ఇప్పుడు పరికరాలు అమ్మే ఆయన వచ్చి, ‘మీకు అంచెల భద్రత లేదు, ఇంకో నాలుగు సాఫ్ట్‌వేర్లు కొనాలి’ అంటున్నారు. అంచెల భద్రత అంటే ఇలా కొంటూ పోవడమేనా?

జవాబు: కాదు. అయితే ఆయన మాటలో సగం నిజం ఉంది కనుక ముందు ఆ సగాన్ని వేరు చేద్దాం. ఏ ఒక్క రక్షణా నూటికి నూరుపాళ్లు పనిచేయదని ఒప్పుకొని, ఒకటి విఫలమైనప్పుడు రెండోది, అదీ విఫలమైతే మూడోది అడ్డుపడేలా ఏర్పాటు చేసుకోవడమే అంచెల భద్రత. పిండి జల్లించే ఇంట్లో పెరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు. జల్లెడ అంటేనే రంధ్రాలు ఉంటాయి. ఒక జల్లెడ కింద మరొకటి పట్టుకుంటే మొదటి దానిలోంచి జారిన నూక రెండో దానిలో ఆగుతుంది. కానీ రెండూ ఒకే అచ్చువై, రంధ్రం కింద రంధ్రం సరిగ్గా వచ్చేలా పేరిస్తే పది జల్లెడలు పెట్టినా ఒక్కటి పెట్టినట్టే. అందుకని ఏ అమ్మకందారు వచ్చినా మీరు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇప్పుడు ఉన్నది కూలిపోయిన రోజున, మీరు ఇచ్చేది దానితో పాటే కూలుతుందా, విడిగా నిలబడుతుందా?

కొన్నేళ్ల కిందట ఒక నర్సింగ్ హోమ్‌లో, పేరు అనవసరం, నేను చూసిన దృశ్యం చెబుతాను. మెట్ల కింద, ఇన్వర్టర్ బ్యాటరీల పక్కన సర్వర్ ఉంది. దాని నెత్తిన ఎవరో పెట్టి మరిచిపోయిన టీ గ్లాసు. వెనక వైపు బ్యాకప్ హార్డ్‌డిస్క్ ఎన్నడూ తీయకుండా తగిలించే ఉంది, దాని నీలం దీపం మిణుకుమిణుకుమంటున్నది. మానిటర్ అంచుకు ఒక మందుల కంపెనీ వాళ్లు పంచిపెట్టిన పసుపు చీటీ, దాని మీద బాల్‌పెన్నుతో సర్వర్ పాస్‌వర్డ్: ఆసుపత్రి పేరు, ఆ వెంటనే 123. ఆ పాస్‌వర్డుతోనే ఫైర్‌వాల్ తెరుచుకున్నది. యాంటీవైరస్‌ను నడిపే పేజీ, బ్యాకప్ సాఫ్ట్‌వేర్, సీసీ కెమెరాల రికార్డర్ కూడా దానితోనే తెరుచుకున్నాయి. లెక్కకు అయిదు తలుపులు ఉన్నాయి, తాళంచెవి మాత్రం ఒక్కటే. మార్చమని చెప్పి వచ్చాను. ‘ఈ నెల ఇన్‌స్పెక్షన్ అయిపోనివ్వండి’ అన్నారు. ఆ సంవత్సరంలోనే వారి రికార్డులు పోయాయి, తగిలించి ఉన్న బ్యాకప్ డిస్కుతో సహా. యజమాని అయిన డాక్టరుగారు ఫోనులో అడిగిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది: ‘మరి అంత డబ్బు పెట్టి కొన్న యాంటీవైరస్ ఏం చేస్తున్నదండీ?’ అది ఏమీ చేయలేదు. దొంగలు పని మొదలుపెట్టే ముందు అడ్మిన్ లాగిన్‌తో, అంటే అన్ని అధికారాలూ ఉన్న లాగిన్‌తో, దాన్ని మర్యాదగా ఆపివేశారు.

ఇక మీ సంగతి. ఇలాంటి దాడి సాధారణంగా ఏ దారిన నడుస్తుందో చూస్తే ఏ అంచె ఎక్కడ ఉండాలో తెలుస్తుంది. బిల్లింగ్ కౌంటరుకు బీమా క్లెయిమ్ పేరుతో ఒక మెయిల్ వస్తుంది. రోజంతా క్లెయిములు చూసే ఉద్యోగి దాన్ని తెరవడం తప్పు కాదు, అది ఆమె ఉద్యోగం. ఆమెను తిట్టి ప్రయోజనం లేదు. మెయిల్ వడపోత దాన్ని ముందే పట్టుకొని ఉండాలి. అది పట్టుకోకపోతే, ఆమె లాగిన్‌కు కొత్త ప్రోగ్రాములు ఎక్కించే అధికారం లేకపోవడం తర్వాతి అంచె. మన దగ్గర చాలా ఆసుపత్రుల్లో, ‘ప్రింటరు ఆగిపోయినప్పుడల్లా అడ్మిన్‌ను పిలవలేము’ అని అందరికీ అడ్మిన్ అధికారం ఇచ్చి ఉంచుతారు. ఈ ఒక్క వెసులుబాటు వల్ల జరిగే నష్టం మిగతా తప్పులన్నీ కలిపినా జరగదని నా అభిప్రాయం. లోపలికి వచ్చిన ప్రోగ్రాము ఆ యంత్రంలో దాచి ఉంచిన పాస్‌వర్డ్‌ల కోసం, పక్క యంత్రాలతో పంచుకున్న ఫోల్డర్ల కోసం వెతుకుతుంది. బిల్లింగ్, ల్యాబ్, ఫార్మసీ, సీసీ కెమెరాలు, రోగుల బంధువులకు ఇచ్చే వైఫై అన్నీ ఒకే నెట్‌వర్క్ మీద ఉంటే దానికి ఆసుపత్రి అంతా ఒకే గది. వేరు వేరు భాగాలుగా విడగొడితే ఆ గదికి గోడలు లేస్తాయి. మీరు రెండేళ్ల కిందట కొన్న ఫైర్‌వాల్‌లోనే ఈ ఏర్పాటు బహుశా ఉంటుంది, ఎవరూ వాడి ఉండరు.

ఇది చిన్న ఆసుపత్రుల సమస్య మాత్రమే అనుకోవద్దు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగినప్పుడు రెండు వారాల పాటు ఓపీ చీటీలు మొదలు పరీక్షల రిపోర్టుల వరకు చేతిరాతతో నడిచాయి. నెట్‌వర్కును సరైన భాగాలుగా విడగొట్టకపోవడం ఇందుకు కారణమని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ, అదే సంవత్సరం జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ సహకార అర్బన్ బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా సొమ్ము దారి మళ్లించిన ఘటన. అది ఉద్యోగులకు వచ్చిన మోసపు మెయిళ్లతో మొదలైందని హైదరాబాద్ పోలీసులు దర్యాప్తులో తేల్చారు. మెయిల్ నుంచి బ్యాంకు ఖజానా దాకా మధ్యలో గట్టిగా అడ్డుపడింది ఏదీ లేకపోయిందన్న మాట.

కాబట్టి ప్రస్తుతానికి ఏమీ కొనకండి. మొన్నటి ప్రమాదం ఒక్క యంత్రంతో ఆగడం అదృష్టం అని రాశారు. అది అదృష్టమా, ఎవరో చేసిన ఏర్పాటు వల్లనా అన్నది ముందు తేల్చుకోండి. ఆ ఉద్యోగికి సర్వర్ ఫోల్డరులో రాసే అధికారం లేకపోవడం వల్ల ఆగి ఉంటే ఆ పద్ధతిని మిగతా అందరికీ వర్తింపజేయండి. ఎవరో ప్లగ్గు పీకడం వల్ల ఆగి ఉంటే మీకు నిజంగానే అంచెలు లేవు. తర్వాత ఫైర్‌వాల్, సర్వర్, యాంటీవైరస్, బ్యాకప్, ఈ నాలుగింటికి నాలుగు వేరు వేరు పొడవైన పాస్‌వర్డ్‌లు పెట్టి, వీలున్న ప్రతిదానికీ పాస్‌వర్డుతో పాటు ఫోనులోని ఆథెంటికేటర్ యాప్ సంకేతం కూడా అడిగేలా చేయండి. ఇవన్నీ చేసిన తర్వాత కూడా ఏదైనా లోటు కనిపిస్తే అప్పుడు అమ్మకందారును పిలవవచ్చు. అప్పటికి ఆయనను ఏమడగాలో మీకు తెలిసి ఉంటుంది.

ప్రశ్న: నేను వరంగల్‌లో బీటెక్ చదువుతున్నాను. మా సారు అంచెల భద్రతను ఖిలా వరంగల్ కోటతో పోల్చి చెప్పారు. మట్టికోట, కందకం, రాతికోట ఉన్నట్టే ఫైర్‌వాల్, యాంటీవైరస్, పాస్‌వర్డ్ అని. ఈ పోలిక సరైనదేనా?

జవాబు: ఓరుగల్లులో ఉండి ఈ పోలిక చెప్పని అధ్యాపకుడు ఉండడు, మీ సారును తప్పుపట్టను. గణపతిదేవుని కాలంలో లేచిన ఆ కోట గోడలను రుద్రమదేవి కాలంలో ఇంకా బలపరిచారు. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ సేన మట్టికోటను దాటగలిగింది గాని, లోపల రాతికోట నిలిచి ఉండడం వల్ల ప్రతాపరుద్రునికి బేరమాడే వ్యవధి దొరికింది. ఏనుగులు, గుర్రాలు, ధనం పోయినా సింహాసనం మిగిలింది. పోలిక ఇక్కడ చక్కగా సరిపోతుంది: రెండో అంచె మనకు ఇచ్చేది వ్యవధి. ఆ వ్యవధిలో ఏమైనా చేయాలంటే మొదటి గోడ పడిపోయిందని లోపలివారికి తెలియాలి. కోటలో కేకలు వినపడతాయి, కంప్యూటరులో వినపడవు. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో నమోదయ్యే లాగ్‌లను రోజూ ఎవరో ఒకరు చూడకపోతే, అర్ధరాత్రి రెండు గంటలకు అకౌంట్స్ లాగిన్ తెరుచుకున్నదని హెచ్చరిక రాకపోతే, రెండో గోడ సంపాదించి పెట్టిన వారం రోజులూ దొంగకే ఉపయోగపడతాయి.

1323 నాటి ముట్టడి ఇంకో పాఠం. ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ సేన నెలల తరబడి చుట్టుముట్టగా లోపల తిండిగింజలు అయిపోయాయి, కోట లొంగింది. బ్యాకప్ లేని సంస్థది కూడా ఇదే స్థితి.

పోలిక తప్పే చోటు ముఖ్యద్వారం. కోట మీదికి వచ్చేవాడు శత్రువని చూడగానే తెలుస్తుంది, వాడు నిచ్చెనలతో గోడ ఎక్కుతాడు. నేటి దొంగ మన ఉద్యోగి పేరు చెప్పి, అతని పాస్‌వర్డ్ చూపించి, ద్వారపాలకుని నమస్కారం అందుకొని లోపలికి వస్తాడు. 2013లో అమెరికాలో టార్గెట్ అనే దుకాణాల సంస్థ నుంచి 4 కోట్ల కార్డుల వివరాలు పోయినప్పుడు దొంగలు వాడింది, ఆ దుకాణాలకు ఏసీ, శీతలీకరణ పనులు చేసే ఒక కాంట్రాక్టరుకు ఇచ్చిన లాగిన్. ఏ గోడా బద్దలు కాలేదు. అందుకని ఇప్పుడు భద్రత నిపుణులు గోడ లోపల ఉన్నవారిని కూడా అడుగడుగునా గుర్తింపు అడగాలని అంటున్నారు. కోట లోపలి ప్రతి ఇంటికీ విడిగా తలుపు, ఆ తలుపు దగ్గర మళ్లీ విచారణ అన్నమాట. పరీక్షలో కోట పోలిక రాయండి, మార్కులు వస్తాయి. దాని కింద ఈ మినహాయింపు కూడా రాయండి.

ప్రశ్న: కరీంనగర్‌లో మాకు స్కానింగ్ సెంటర్ ఉంది. ఒక యంత్రానికి జతగా వచ్చిన కంప్యూటరులో ఇంకా విండోస్ 7 నడుస్తున్నది. అప్‌డేట్ చేస్తే స్కానర్ పనిచేస్తుందన్న హామీ ఇవ్వలేమని కంపెనీ ఇంజినీరు అంటున్నారు. కొత్త యంత్రం కొనే స్తోమత ఇప్పట్లో లేదు. ఏం చేయాలి?

జవాబు: అంచెల భద్రత అసలైన ఉపయోగం ఇలాంటి చోటనే తెలుస్తుంది. విండోస్ 7కు సాధారణ భద్రతా మరమ్మతులు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. 2025 అక్టోబరు 14న విండోస్ 10 కూడా ఆ వరుసలో చేరింది కనుక మీ రిసెప్షన్‌లోని కంప్యూటర్లను కూడా ఒకసారి చూసుకోండి. అప్‌డేట్ ఆలస్యమైతే ఏమవుతుందో 2017లో ప్రపంచం చూసింది. వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ దాడి వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే మరమ్మతు విడుదల చేసింది. దాడి జరిగింది మే 12న. ఆ రెండు నెలల్లో మరమ్మతు వేసుకోని సంస్థలు దెబ్బతిన్నాయి. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యసేవలు నడిపే 236 ట్రస్టుల్లో 80 ట్రస్టుల పనికి అంతరాయం కలిగింది, స్కానింగ్ యంత్రాలకు జతచేసిన కంప్యూటర్లు కూడా వాటిలో ఉన్నాయి.

మీ యంత్రం మీద అప్‌డేట్ అనే అంచె శాశ్వతంగా లేదని ఒప్పుకోండి. దాని చుట్టూ ఉన్న అంచెలు ఆ లోటు పూడ్చాలి. ఆ కంప్యూటరును ఇంటర్నెట్‌కు, ఆఫీసు వైఫైకి పూర్తిగా దూరం చేసి, చిత్రాలు పంపవలసిన రిపోర్టు కంప్యూటరు ఒక్కదానితోనే, ఆ పనికి అవసరమైన ఒక్క దారిలోనే మాట్లాడేలా ఫైర్‌వాల్‌లో నియమం పెట్టించండి. దానిలో మెయిల్ చూడడం, ఖాళీ సమయంలో వీడియోలు చూడడం ఈరోజు నుంచి బంద్. ఇంజినీరు దూరం నుంచి మరమ్మతు చేసేందుకు పెట్టుకున్న కనెక్షన్ ఆయన ఫోను చేసినప్పుడు తెరిచి, పని కాగానే మూయండి; మీ అనుమతి లేకుండా రాత్రింబవళ్లు తెరిచి ఉంచడానికి వారు ఒప్పందం చూపించినా ఒప్పుకోకండి.

నెట్‌వర్క్ తీసేస్తే జనం పెన్‌డ్రైవ్ మొదలుపెడతారు. ఇది ప్రతిచోటా జరిగేదే. ఇంటర్నెట్ లేని యంత్రానికి భయం లేదనుకునేవారికి 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే వైరస్ జవాబు చెప్పింది: ఇరాన్ అణుకేంద్రంలోని యంత్రాల దాకా అది పెన్‌డ్రైవ్‌ల మీద ప్రయాణించేలా తయారైంది. రోగులు తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో రిపోర్టు కాపీ చేసి ఇచ్చే అలవాటు మీ దగ్గర ఉంటే, ఆ పని స్కానర్ కంప్యూటరులో కాకుండా రిసెప్షన్‌లోని వేరే కంప్యూటరులో మాత్రమే జరగాలి.

ప్రశ్న: మాది ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణం. లెక్కలన్నీ ట్యాలీలో ఒకే కంప్యూటరు మీద ఉంటాయి. మిర్చి సీజన్‌లో ఆరుగురు గుమాస్తాలు ఒకే లాగిన్‌తో పనిచేస్తారు. అకౌంటెంట్ రాత్రిపూట ఇంటి నుంచి రిమోట్‌లో కలుస్తారు. మా అబ్బాయి అంతా క్లౌడ్‌లో పెడదామంటున్నాడు. మా వంటి చిన్న దుకాణానికి కూడా ఈ అంచెలన్నీ కావాలా?

జవాబు: అన్నీ అవసరం లేదు, కానీ మీరు చెప్పిన వాటిలో ఒకటి వెంటనే ఆపవలసినది. అకౌంటెంట్ ఏ పద్ధతిలో కలుస్తున్నారో అడగండి. రూటరులో దారి తెరిచి విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు వదిలి ఉంటే, 3389 అనే ఆ పోర్టు (రిమోట్ డెస్క్‌టాప్ వాడే దారి నంబరు) ఎక్కడ తెరిచి ఉన్నదా అని ప్రపంచమంతా గాలించే ప్రోగ్రాములు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. దొరికిన చోట పాస్‌వర్డ్‌లను ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నిస్తూ పోతాయి. మీది ఎనుమాములలోని చిన్న దుకాణమా, పెద్ద బ్యాంకా అన్నది వాటికి పట్టదు. ఆ దారి మూయించి, వీపీఎన్ (ఇంటర్నెట్ మీదే ఇతరులకు కనపడకుండా నడిచే సొంత దారి) ద్వారా, రెండో గుర్తింపు సంకేతంతో మాత్రమే కలిసేలా చేయించండి. ఎనీడెస్క్ వంటివి వాడుతుంటే, అవతలివారు కలిసినప్పుడు ఇక్కడ ఎవరో ఒకరు ‘ఒప్పుకో’ నొక్కితేనే తెరుచుకునేలా పెట్టి, ఎప్పటికీ పనిచేసే శాశ్వత పాస్‌వర్డును తీసివేయండి.

ఆరుగురికీ ఒకే లాగిన్ అన్నది పైకి చిన్న విషయంలాగా కనిపిస్తుంది. ఒక రైతు తక్‌పట్టీలో (అమ్మకపు చీటీలో) తూకం ఒకటి, మీ లెక్కలో తూకం ఒకటి ఉన్నప్పుడు ఎవరు మార్చారో తెలుసుకోవడానికి మీకు ఏ ఆధారం ఉంది? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆరుగురికి ఆరు పేర్లు ఇచ్చి, మార్పుల నమోదు ఆన్ చేసి ఉంచితే ఈశ్వరుని దాకా పోనక్కరలేదు. దీనివల్ల నిజాయితీగా పనిచేసే గుమాస్తాలకు కూడా రక్షణ ఉంటుంది, అనుమానం వచ్చినప్పుడు అందరి మీదా పడదు.

మీ వ్యాపారానికి ఇంకో అంచె కావాలి, దానికి కంప్యూటరుతో పనే లేదు. ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఇకనుంచి డబ్బు ఈ ఖాతాకు పంపండి’ అని గుంటూరు నుంచో ముంబయి నుంచో పాత ఖాతాదారు పేరుతో మెయిల్ లేదా వాట్సాప్ సందేశం వస్తే, ఆ సందేశంలో ఉన్న నంబరుకు కాకుండా మీ పాత డైరీలో రాసుకున్న నంబరుకు ఫోను చేసి, గొంతు గుర్తుపట్టి, ఆ తర్వాతే మార్చాలి. ఒక మొత్తం దాటిన చెల్లింపుకు ఇద్దరి ఆమోదం ఉండాలన్న నియమం కూడా పెట్టుకోండి. ఇలాంటి మోసాన్ని ఏ యాంటీవైరస్ పట్టుకోదు, ఎందుకంటే అందులో వైరస్ ఉండదు.

మీ అబ్బాయి మాట కొట్టిపారేయదగినది కాదు. క్లౌడ్‌కు మారితే సర్వర్ పాడైపోవడం, కరెంటు పోవడం, తాళం పగలగొట్టడం అన్న బెడదలు వారి నెత్తికి పోతాయి. పాస్‌వర్డు ఎవరికి ఇచ్చారు, ఎవరికి ఏ అధికారం ఉంది అన్న బాధ్యత మాత్రం మీ దగ్గరే ఉంటుంది. ఆరుగురు ఒకే లాగిన్‌తో క్లౌడ్‌లోకి వెళ్లితే జబ్బు అదే, ఆసుపత్రి మారిందంతే.

బ్యాకప్ విషయంలో వాడుకలో ఉన్న లెక్క 3-2-1. సమాచారం మూడు ప్రతులుగా ఉండాలి, రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి. వేరే చోట అంటే పక్క గది కాదు. 2023 జులై 27 ఉదయంతో ముగిసిన ఒక్క రోజులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. ఆ వానలకే హన్మకొండలో నయీంనగర్ వంటి చోట్ల ఇళ్లలోకి, దుకాణాల్లోకి నీళ్లు వచ్చాయి. సర్వరూ, బ్యాకప్ డిస్కూ ఒకే బల్ల మీద ఉన్న దుకాణంలోకి నీళ్లు వస్తే రెండు ప్రతులు ఉండి లాభం లేదు. మీకు రెండు హార్డ్‌డిస్కులు చాలు. రోజు మార్చి రోజు ఒకటి తగిలించి, కాపీ అయిన వెంటనే పీకి, మీతో ఇంటికి తీసుకుపోండి. పీకడం ముఖ్యం, తగిలించి ఉన్నదానికి కూడా తాళం పడుతుందని పైన చూశారు. అమావాస్య నాడు మార్కెట్ బంద్ ఉంటుంది కదా, ఆ రోజు ఒక డిస్కు తీసి వేరే కంప్యూటరులో పెట్టి, నిరుటి సీజన్‌లో ఏదో ఒక తేదీ లెక్క తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను లెక్కలోకి తీసుకోను.

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీ ఆఫీసులో ప్రతి 30 రోజులకు పాస్‌వర్డ్ మార్చాలని నియమం పెట్టారు. అందరూ నెల పేరు చేర్చి సరిపెట్టుకుంటున్నారు. ఇది కూడా ఒక అంచేనా? (జగిత్యాల)

జవాబు: కాదు. కారణం లేకుండా గడువు పెట్టి మార్పించవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే తన మార్గదర్శకాల్లో చెప్పింది. పాస్‌వర్డ్ బయటపడిందన్న అనుమానం వచ్చినప్పుడు తప్పక మార్చాలి. లేకపోతే పొడవుగా, వేరే ఎక్కడా వాడనిదిగా ఉంటే చాలు. ఆ నియమాన్ని తీసేసి దాని స్థానంలో రెండో గుర్తింపు సంకేతం పెట్టమని ప్రిన్సిపాల్‌గారికి ఈ పేజీ చూపించండి. ఉద్యోగం మానేసినవారి లాగిన్ అదే రోజు మూసేస్తున్నారో లేదో కూడా అడగండి. కాలేజీల్లో అతిథి అధ్యాపకులు వచ్చిపోతూ ఉంటారు, వారి లాగిన్‌లు ఏళ్ల తరబడి బతికే ఉంటాయి.

ప్రశ్న: ఇన్ని అంచెలు దాటి కూడా దాడి జరిగితే? మొదటి గంటలో ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి? (పెద్దపల్లిలోని ఒక సహకార సంఘం ఉద్యోగి)

జవాబు: మొదట నెట్‌వర్క్ తీగ పీకండి, వైఫై ఆపండి. కంప్యూటరు స్విచ్ మాత్రం, వీలైనంత వరకు, ఆపకండి. యంత్రం జ్ఞాపకంలో ఉన్న ఆధారాలు కరెంటు పోగానే చెరిగిపోతాయి. తీగ పీకడం కుదరకపోతే, పక్క యంత్రాలకు పాకుతున్నదనిపిస్తే, అప్పుడు ఆపడమే మేలు. బ్యాకప్ డిస్కును కంగారులో తెచ్చి జబ్బుపడిన యంత్రానికి తగిలించకండి. ఈ పొరపాటు ఎంతమంది చేస్తారో చెబితే నమ్మరు. తెర మీద కనిపించే హెచ్చరికను ఫోనుతో ఫొటో తీసి, సమయం కాగితం మీద రాసిపెట్టుకోండి.

డబ్బు బదిలీ అయి ఉంటే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి, సొమ్ము మరో ఖాతాకు పోకముందే నిలిపివేసే అవకాశం తొలి గంటల్లోనే ఎక్కువ. దానితో పాటు జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ, మీ దగ్గరి సైబర్ పోలీసుల దగ్గరా ఫిర్యాదు నమోదు చేయండి. సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు ఇలాంటి ఘటనలను గమనించిన 6 గంటల్లోగా దానికి తెలియజేయాలి, కంప్యూటర్ లాగ్‌లను 180 రోజుల పాటు దాచి ఉంచాలి. మీ సంఘంలో సభ్యులైన రైతుల ఆధార్, ఖాతా వివరాలు ఉంటాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, తగిన భద్రత ఏర్పాట్లు చేయని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానాకు వీలు కల్పించింది. సమాచారం బయటికి పోతే సంబంధిత వ్యక్తులకు చెప్పడం కూడా దాని కింద బాధ్యతే. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అమలు దశలవారీగా జరుగుతుంది.

అడిగిన డబ్బు ఇవ్వాలా అని చాలామంది మెల్లగా, చివర్లో అడుగుతారు. ఇచ్చినా ఫైళ్లు తిరిగి వస్తాయన్న హామీ లేదు, మళ్లీ రారన్న హామీ అంతకన్నా లేదు. అంతకు ముందు, యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్ భాగస్వామిగా 2016లో మొదలైన ‘నో మోర్ రాన్సమ్’ వెబ్‌సైటులో మీ ఫైళ్లకు పడిన తాళానికి ఉచిత తాళంచెవి ఉన్నదేమో వెతకండి. కొన్ని పాత రకాలకు దొరుకుతుంది.

ఒక చిన్న పని ఈరోజే చేయండి. 1930, సెర్ట్-ఇన్ నంబరు, మీ బ్యాంకు మేనేజరు, మీ కంప్యూటర్లు చూసే కుర్రవాడు, వీరందరి నంబర్లూ ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. చాలా ఆఫీసుల్లో ఆ జాబితా కంప్యూటరులోని ఒక ఫైలులోనే ఉంటుంది, తాళం పడేది ఆ ఫైలుకు కూడా. రూటరు నుంచి సర్వరుకు పోయే తీగకు ఒక ఎర్ర గుడ్డపేలిక కట్టి, ఇది పీకాలని అటెండరుతో సహా అందరికీ ఒకసారి చూపించండి. ఆదివారం రాత్రి ఆఫీసులో ఉండేది ఆయన ఒక్కరే.